కూలబడే బండిలో కళ్యాణదుర్గానికి

బెంగళూరికి పోయి పెద్ద బండి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కొచ్చుకుందామని అనుకునేవాళ్ళు మా జిల్లాలో ఎక్కువైనారు. వాళ్ళకు పనికొస్తాదని ఈ ప్రయాణం సంగతి రాస్తాండాను. నా పేరు మస్తాన్. కళ్యాణదుర్గంలో అనంతపురం రోడ్డు పక్కన నాకు ట్రాక్టర్ల షెడ్డు ఉండాది. ఇల్లు మాత్రం పన్నెండు కిలోమీటర్ల అవతల మా ఊర్లోనే.

రెండువేల సంవత్సరం దాటి ఐదారేండ్లయింటాది. మా ఊరి గోవిందరెడ్డన్న ఎంపీటీసీకి నిలబడాలనుకున్నాడు. అవతలి పార్టీ ఆయన అప్పటికే కొత్త జీపులో, వెనకాల ఇరవై మోటారు సైకిళ్ళతో పోయి నామినేషన్ వేసినాడు. అది చూసినప్పటినుంచి రెడ్డన్నకు నిద్ర లేదు. నామినేషన్లకు ఆఖరు రోజు బుధవారం, మధ్యాహ్నం మూడు గంటలవరకే. సోమవారం సాయంత్రం నా షెడ్డుకు వచ్చి కూర్చున్నాడు.

"బెంగళూర్లో ఒక బండి ఉండాదంట మస్తానూ. జపాన్‌ది. ఏనుగంత ఉంటాదంట. నువ్వు చూసి బాగుండాదంటే కొంటా. బాగలేదంటే ఉత్త చేతులతో వచ్చేస్తా."

"దాందేముందన్నా, ఇంజన్ అంటే ఇంజనే గదా" అన్నాను.

నిజానికి నేను అంతవరకు ముట్టుకున్నవి ట్రాక్టర్లు, జీపులు, బోరు మోటర్లు, ఒకసారి పిండిమర. కానీ 'తెలీదు' అనే మాట నా నోటికి అలవాటు లేదు. రైతు వచ్చి ఇదేం శబ్దమప్పా అని అడిగితే ఏదో ఒక పేరు చెప్పాల. చెప్పకపోతే పక్క షెడ్డుకు పోతాడు.

మంగళవారం పొద్దున ఐదుంపావు బస్సుకు ధర్మవరం పోయినాం. ఏడున్నరకు దిగి, స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాం. ప్లేటు ఎనిమిది రూపాయలు, చట్నీ ఎన్నిసార్లు అడిగినా పోస్తారు. ఎనిమిదింటి తర్వాత వచ్చే బెంగళూరు ప్యాసింజర్‌కు ఇద్దరికీ కలిపి టికెట్టు యాభై లోపే అయింది. కిటికీ పక్కన కూర్చోవాలంటే కుడివైపు చూసుకోండి, ఎడమవైపు ఎండ కొడతాది.

ఎదురుగ్గా పట్టుచీరల మూటతో ఒక శెట్టి కూర్చున్నాడు. మేము ఎందుకు పోతాండామో రెడ్డన్న అడక్కుండానే చెప్పేసినాడు. శెట్టి మూట మీద చెయ్యి వేసి, "పాత బండి కొనేది పాత పట్టుచీర కొన్నట్లే రెడ్డీ. మడత మీద బాగనే ఉంటాది. విప్పితే తెలుస్తాది యాడ చినిగిందో" అన్నాడు.

"మావాడు విప్పి చూస్తాడులే" అని రెడ్డన్న నన్ను చూపించినాడు.

శెట్టి నన్ను కిందినుంచి పైకి చూసినాడు. నేను కిటికీలోంచి బయటికి చూసినాను. పుట్టపర్తి స్టేషన్లో తెల్లబట్టల జనం ఎక్కినారు. హిందూపురంలో చిత్రాన్నం పొట్లాలు వచ్చినాయి, ఐదు రూపాయలు. రెడ్డన్న రెండు తిన్నాడు. నాకు ఒక్కదాంట్లోనే సగం మిగిలింది.

ఒంటిగంటకు బెంగళూరు. మెజెస్టిక్ దగ్గర భోజనం ఇరవై ఐదు రూపాయలు. "సాంబార్లో బెల్లమేందప్పా వీళ్ళకు" అని రెడ్డన్న అన్నాడు కానీ మూడుసార్లు పోయించుకున్నాడు. అక్కడినుంచి ఆటోలో బండి అమ్మే ఆయన దగ్గరికి పోయినాం. ఆయన పేరు రాయను. బండి కంపెనీ పేరు కూడా రాయను. వాళ్ళు తయారు చేసినప్పుడు బాగనే చేసింటారు. తర్వాత పదకొండేండ్లు దాన్ని ఎవరెవరు ఏం చేసినారో దేవునికే తెలియాల.

బండి మాత్రం నిజంగా ఏనుగే. నల్లగా నిగనిగలాడుతా ఉండింది. లోపల తోలు సీట్లు, నెత్తిమీద తెరుచుకునే అద్దం, కాళ్ళకింద మెత్తటి పట్ట. తాళం తిప్పితే లోపలినుంచి ఎవరో ఆడమనిషి మెత్తగా నాలుగు మాటలు మాట్లాడింది. రెడ్డన్న ఉలిక్కిపడి, "ఎవరమ్మా?" అన్నాడు.

"జపాన్ భాష సార్. బండే మాట్లాడతాది" అన్నాడు అమ్మే ఆయన.

ఇంక నేను పరీక్ష చెయ్యాల. నాలుగు టైర్లను వరసగా తన్నినాను. పొగగొట్టంలో వేలు పెట్టి వాసన చూసినాను. బానెట్ తెరవమంటే ఆయన యాడనో చెయ్యి పెట్టి తెరిచినాడు. తొంగి చూస్తే నాకు ఇంజన్ కనపడలేదు. ఈ చివరినుంచి ఆ చివరికి ఒక నల్ల ప్లాస్టిక్ మూత మాత్రం కనపడింది. శుభ్రంగా తుడిచిన మూత. దాన్ని మూడుసార్లు తట్టి, చెవి దగ్గర పెట్టి విని, తల ఊపినాను.

"ఎట్లుండాదప్పా?" అన్నాడు రెడ్డన్న.

"బాగుండాదన్నా."

ఐదు లక్షల ఎనభై వేలు చెప్పినాడు. ఐదు నలభైకి తెగింది. ఆ రాత్రి లాడ్జిలో డబుల్ రూముకు మూడువందల యాభై ఇచ్చినాం. రెడ్డన్న తాళంచెవి తలకింద పెట్టుకోని పడుకున్నాడు.

బుధవారం పొద్దున ఆరుగంటలకు కిందికి వచ్చి చూస్తే బండి పొట్టిదైపోయింది. నిన్న నా రొమ్ముదాకా ఉన్న బానెట్ నడుముకు వచ్చింది. చక్రాలు లోపలికి పోయి, గొర్రె పండుకున్నట్లు పండుకోనుండింది. రెడ్డన్న నాపక్క చూసినాడు.

"ఏమప్పా ఇది?"

నాకు అరనిమిషం పట్టింది. "జపాన్‌లో మర్యాద ఎక్కువన్నా. యజమాని ఎక్కేదానికి బండి వంగుతాది."

రెడ్డన్న కండ్లలో నీళ్ళు తిరిగినాయి. బానెట్‌ను నిమిరి ఎక్కినాడు. స్టార్ట్ చెయ్యంగానే కింద ఏదో బుర్రుబుర్రుమని, బండి కొంచెం కొంచెంగా లేచి నిలబడింది. చూసేదానికి అద్భుతంగానే ఉండింది, అది మాత్రం ఒప్పుకోవాల. ఆడగొంతు మళ్ళీ పలికింది. ఆమె ఏం చెప్పినా చివర్లో 'మస్' అని ముగిస్తాది.

"నిన్నే పిలుస్తాందిరా! మస్, మస్ అంటాంది. నీ పేరు అప్పుడే ఎట్ల తెలిసిందప్పా?"

"నిన్న నువ్వు పిలిస్తే వినింటాదన్నా."

"ఏం కావాలంటనో అడుగు మల్ల."

ఏం కావాలో హెబ్బాళ దాటినాక తెలిసింది. రెడ్డన్న సీటు దానంతటదే ముందుకు జరిగేది మొదలుపెట్టింది. ఆయన మెల్లగా స్టీరింగుకు దగ్గరైనాడు, తర్వాత పొట్ట స్టీరింగుకు ఆనింది, తర్వాత స్టీరింగు తిరగనంత బిగుసుకుంది. హారన్ ఆగకుండా మోగుతాంది. పక్కన పోయే లారీ డ్రైవర్ దోవ ఇచ్చి దండం పెట్టినాడు, ఎవరో మంత్రి అనుకోని. నేను కనపడిన మీటలన్నీ నొక్కినాను. నీళ్ళు చిమ్మి అద్దం తుడిచింది, వెనక డిక్కీ తెరుచుకుంది, నా సీటు వేడెక్కింది. చివరికి సీటు వెనక్కి పోయింది, పోయి పోయి పండుకుంది. దేవనహళ్ళి దాకా రెడ్డన్న మంచం మీద ఉన్నట్లు వెల్లకిలా పడి, నేను 'ఎడమ', 'కుడి' అని చెప్తాంటే నడిపినాడు.

(సీటు మోటరు: బెంగళూర్లో తర్వాత అడిగితే పద్నాలుగు వేలు చెప్పినారు. కొనేముందు ప్రతి మీటా రెండుసార్లు నొక్కి చూడండి.)

ఎనిమిదింటికి చిక్కబళ్ళాపురంలో ఆపి దోసె తిన్నాం. బిల్లు ముప్పై ఆరు. హోటల్ ముందర బండి చుట్టూ ఇరవైమంది చేరినారు. ఒకాయన, "ఎంతిస్తాది లీటరుకు?" అన్నాడు. "పన్నెండు" అన్నాడు రెడ్డన్న. అప్పటికే పెట్రోలు ముల్లు బెంగళూరులో ఉన్న చోటుకు సగానికి వచ్చింది. లెక్కేస్తే ఐదు కూడా రాలేదు.

బాగేపల్లి, కొడికొండ చెక్‌పోస్టు దాటినాం. మన ఎండ మొదలైంది. దోవ పక్కన ఎర్రమట్టి, వానకోసం దున్నిపెట్టిన చేన్లు, యాడా పచ్చని చుక్క లేదు. పెనుకొండ కొండ కనపడినప్పుడు బానెట్ కిందినుంచి ఆవిరి లేచింది. బండిలో ఆమె గట్టిగా మాట్లాడేది మొదలుపెట్టింది. ఈసారి వాక్యానికి రెండు 'మస్'లు.

"ఏమంటాంది?"

"కాఫీకి నిలపమంటాందేమో అన్నా."

పది గంటలకు పెనుకొండ మలుపులో ఒక రేడియేటర్ షెడ్డు ముందర ఆపినాం. డెబ్బై ఏండ్ల ముసలాయన, కండ్లద్దాలకు దారం కట్టుకోని, బకెట్ తీసుకోని వచ్చి, "బానెట్ తెరువప్పా" అన్నాడు నాతో.

నేను ముందు వెతికినాను. కింద వెతికినాను. స్టీరింగు కింద, సీటు కింద, చివరికి డిక్కీలో కూడా వెతికినాను. డాష్‌బోర్డులో ఒక పుస్తకం దొరికింది. అంతా జపాన్ అక్షరాలే. ఒక బొమ్మ మాత్రం అర్థమైంది: చిన్నబిడ్డను బండిలో ఒంటరిగా వదలొద్దని. రెడ్డన్న నడుముమీద చేతులు పెట్టుకోని నన్నే చూస్తాండాడు.

"మస్తానూ. నిన్న నువ్వు ఇంజన్ చూసినావు గదా?"

"చూసినానన్నా."

"ఏం చూసినావు?"

అబద్ధం ఒకటి నోటిదాకా వచ్చింది. ముసలాయన బకెట్ పట్టుకోని నిలబడే ఉన్నాడు. ఆవిరి నా మొగానికి కొడతాంది.

"మూత చూసినానన్నా. ప్లాస్టిక్ మూత. ఇంజన్ కనపడలేదు. మూత బాగుండాది. అందుకని బాగుండాది అన్నాను."

రెడ్డన్న నన్ను తిట్టింటే బాగుండు. షెడ్డు ముందరి రాతిమీద కూర్చోని, నామినేషన్ కాగితాల సంచి ఒళ్ళో పెట్టుకోని, గడియారం చూసుకున్నాడు. పదీ ఇరవై. ఇరవై ఏండ్లుగా ఆయన ట్రాక్టరు నా చేతికి తప్ప ఎవరికీ ఇచ్చినోడు కాదు. ఈ బండి పోతే పోయింది, ఆయన ఇంక నా షెడ్డు ముందర ఆపకుండా పోతాడనే భయం నన్ను ఎక్కువ పట్టుకుంది.

అప్పుడే పుట్టపర్తి పోయే టాక్సీ ఒకటి నీళ్ళకోసం ఆగింది. ఫారిన్‌వాళ్ళను తిప్పే డ్రైవరంట, తెల్లచొక్కా. మా అవస్థ చూసి వచ్చి, బ్రేకు పక్కన చెయ్యి పెట్టి ఒక్కసారి లాగినాడు. బానెట్ టక్కుమని లేచింది.

"ఎంతకు తీసుకున్నారన్నా?"

రెడ్డన్న చెప్పినాడు. ఆ డ్రైవర్ బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసినాడు.

"దీనికి స్ప్రింగు కమాన్లు ఉండవన్నా, నాలుగు చక్రాలకు నాలుగు గాలి బెలూన్లు ఉంటాయి. ఒక్కోటి నలభై వేలు. గాలి కొట్టే మోటరు అరవై. ఇదేమో కుడిపక్కకు ఒరిగుండాది, బెలూన్లు చినిగినట్లే. రాత్రి ఆపి పొద్దున చూసినారా, కిందికి కూలబడిందా?"

"మర్యాదకు వంగింది" అన్నాడు రెడ్డన్న, నాపక్క చూడకుండా.

ఆ డ్రైవర్‌కు అర్థం కాలేదు. "డైనమో కూడా బలహీనంగా ఉండాది, లైట్లు చూడు ఎట్ల మినుకుతాండాయో. పెట్టిందాంట్లో సగం మళ్ళీ పెట్టాలన్నా" అని చెప్పి, నీళ్ళు పట్టుకోని పోయినాడు.

మూత విప్పినాం. దాని కింద మొదటిసారి ఇంజన్ నాకు కనపడింది. ముసలాయన చాలాసేపు చూసి, "ఇది నాకు తెలీదప్పా" అన్నాడు. ఎంత సులభంగా అన్నాడంటే, ఇంత చిన్నమాట ఇన్నేండ్లు నాకెందుకు రాలేదా అనిపించింది. "అంతా కొత్త యవ్వారం. నీళ్ళు యాడ కారుతాండాయో అదొక్కటి చెప్తా." వేలుతో తడిమి, లోపలెక్కడో పగిలిన ప్లాస్టిక్ పైపు చూపించినాడు.

అదే పైపు బెంగళూరునుంచి తెప్పించాలంటే ఎనిమిదిన్నర వేలు, నాలుగు రోజులు. కానీ ఆ పైపు మందం చూస్తానే నాకు చేతులు దురద పుట్టినాయి. ఎదురుగ్గా ట్రాక్టర్ సామాన్ల అంగడి. పరుగెత్తి పోయి ట్రాక్టర్ రబ్బరు హోసు ఒక జానెడు, రెండు క్లిప్పులు తెచ్చినాను. కోసినాను, సబ్బు పూసి ఎక్కించినాను, బిగించినాను. ఒక్క చుక్క కారలేదు. మొత్తం నూటనలభై రూపాయలు. ముసలాయన కూలి తీసుకోలేదు, రెడ్డన్న దగ్గర ఒక బీడీ మాత్రం తీసుకున్నాడు. పదకొండున్నరకు బయలుదేరినాం.

చెన్నేకొత్తపల్లి దాకా రెడ్డన్న రోడ్డే చూస్తా నడిపినాడు. ఆమె రెండుసార్లు 'మస్' అనింది. ఇద్దరం పట్టించుకోలేదు. అనంతపురం చేరేసరికి ఒంటిగంట. భోజనానికి ఆగలేదు, ఆపితే మళ్ళీ లేస్తాదో లేదోనని. ఆత్మకూరు దగ్గర ఏసీ ఆగిపోయింది. కిటికీలు దించబోతే దిగలేదు. నెత్తిమీది అద్దం తెరవబోతే తెరుచుకుంది, కానీ మళ్ళీ మూసుకోలేదు. మే నెల ఎండ నేరుగా మా నడినెత్తిన పడింది. రెడ్డన్న తువ్వాలు తడిపి నెత్తిన వేసుకున్నాడు. ఐదు నిమిషాలకు అది అప్పడమైంది.

"నీళ్ళుండాయా?" అన్నాడు. పెనుకొండ దాటినాక నాతో అదే మొదటి మాట. సీసా ఇచ్చినాను. రెండు గుక్కలే ఉన్నాయి. ఒకటి తాగి, ఒకటి నాకు ఇచ్చినాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

రెండూ ఇరవైకి కళ్యాణదుర్గం మండలాఫీసు గేటు ముందర తిరిగినాం. ఊరి జనం నూరుమంది దాకా, తప్పెట్లు, పూలదండలు. రెడ్డన్న మీసం సర్దుకోని బ్రేకు వేసినాడు. ఇంజన్ ఆగిపోయింది. ఉస్స్‌మని పెద్ద నిట్టూర్పు విడిచి బండి నాలుగు చక్రాల మీదా కూలబడింది. తప్పెట్లు ఆగిపోయినాయి.

తలుపు తెరుచుకోలేదు. లాక్ పడిపోయింది. బయటినుంచి నలుగురు లాగినారు. లోపలినుంచి నేను పిడి లాగితే తెగి చేతికి వచ్చింది. రెండూ ముప్పై. కాగితాలు రెడ్డన్న ఒళ్ళో, ఆఫీసు ముప్పై అడుగుల దూరంలో.

"పైకి ఎక్కన్నా!" అన్నాను.

రెడ్డన్న సీటుమీద నిలబడినాడు. ఆయన ఎనభై కేజీల మనిషి. నేను కిందినుంచి రెండు చేతులా ఎత్తినాను. నెత్తిమీది కంతలోనుంచి మొదట తల, తర్వాత భుజాలు బయటికి వచ్చినాయి. పొట్ట దగ్గర ఇరుక్కున్నాడు. అంతవరకు బిత్తరపోయిన జనానికి అప్పుడు అర్థమైంది, వాళ్ళకు అర్థమైనట్లు: నాయకుడు పెద్దపెద్దోళ్ళ మాదిరి బండి పైనుంచి మాట్లాడబోతాండాడు! తప్పెట్లు మోగినాయి. దండలు పడినాయి.

రెడ్డన్న గొంతు ఎండిపోయింది. చేతులు చాపి, ఉన్న శక్తి అంతా పెట్టి అరిచినాడు.

"నీళ్ళు! ముందు నీళ్ళు!"

జనం ఒక్కసారిగా కేక వేసినారు. "నీళ్ళు తెచ్చే నాయకుడు!"

"అదిగాదప్పా! నాకు నీళ్ళు... నీళ్ళు లేకుంటే సస్తా!"

"గోవిందరెడ్డన్న నీళ్ళకోసం ప్రాణమిస్తాడు!"

ఆమె కూడా లోపలినుంచి ఏదో చెప్పబోయింది. బ్యాటరీ అయిపోయి, 'మ' దగ్గరే ఆగిపోయింది. చివరికి ఆరుమంది పైకెక్కి రెడ్డన్నను వేరుశెనగ బుడ్డచెట్టు పెరికినట్లు పెరికి, భుజాల మీద ఆఫీసులోకి మోసుకుపోయినారు. రెండూ నలభై ఐదుకు నామినేషన్ పడింది. నేను కంతలోనుంచి బయటపడేసరికి మూడు దాటింది. నన్ను ఎవరూ మోయలేదు.

బండి సంగతి ఇక్కడే ముగించేస్తాను. మూడు వారాలు అది గేటు ముందరే కూలబడుండింది. రిపేరుకు మొత్తం మూడు లక్షల అరవై వేలు చెప్పినారు. రెడ్డన్న దాన్ని లారీలో ఎక్కించి ఒక లక్షా తొంభైకి బెంగళూరుకే అమ్మేసినాడు. ఎన్నికలో గెలిచినాడు. ఇచ్చిన మాటకని చేతి దుడ్లతో రెండు బోర్లు వేయించినాడు, ఒకదాంట్లో నీళ్ళు పడినాయి.

నామినేషన్ వేసిన ఆ రోజు సాయంత్రం ఐదున్నర బస్సుకు ఇద్దరం ఊరికి బయలుదేరినాం. టికెట్టు ఆరు రూపాయలు. సీట్లు లేకపోతే జనం జరిగి రెడ్డన్నకు చోటిచ్చినారు, ఆయన జరిగి నాకు అర చోటు ఇచ్చినాడు. మెడ, మొగం ఎండకు కమిలి ఇద్దరం వంకాయల మాదిరి ఉన్నాం. కిటికీలోంచి వచ్చే గాలికి బెంగళూరు పోయి వచ్చింది ఎవరో అనిపించింది. ఇంత దూరం తిరిగి నేను తెలుసుకున్నది ఒకటే: మూత విప్పకుండా మాట ఇవ్వకూడదు.

వెనక సీట్లోంచి ఒకాయన వంగి, "మస్తానన్నా, నువ్వే గదా చూసి కొనిపించింది. ఆ బండి కథేంది? ఎందుకట్ల కూలబడింది?" అని అడిగినాడు. బస్సంతా చెవులు నిక్కబొడుచుకుంది. రెడ్డన్న ముందుకే చూస్తాండాడు.

"నాకు తెలీదన్నా" అన్నాను. "ఆ రకం బండి నాకు అస్సలు తెలీదు. తెలిసినట్లు చెప్పినాను."

ఎవరో ఇద్దరు నవ్వినారు. రెడ్డన్న నా మోకాలి మీద గట్టిగా ఒక దెబ్బ వేసినాడు, అది కోపమో కాదో నేను అడగలేదు. చెయ్యి మాత్రం అక్కడే పెట్టుకున్నాడు.

డ్రైవర్ వెనక, ఖాళీ గంపతో కూర్చున్న ఒకామె ఇటు తిరిగింది. మా పక్కూరామె. "మా బోరు మోటరు నాలుగు రోజులాయె, మూలుగుతాంది గానీ నీళ్ళెత్తలేదు. ముగ్గురు వచ్చి మూడు రకాలు చెప్పి దుడ్లు తీసుకుపోయినారు. రేపొచ్చి నువ్వు చూస్తావా నాయనా? ఏమయింటాది దానికి?"

మూలిగి నీళ్ళెత్తని మోటరు నాకు కండ్లు మూసుకున్నా తెలుసు. జవాబు నాలుక కొసదాకా వచ్చింది.

"రేపు విప్పి చూసి చెప్తాలేమ్మా" అన్నాను.